ఒకే ఫొటోకి రెండు టైములు

నేను యాంగాన్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని, చదివింది ఐటీఐ. లైనక్స్ లాప్‌టాప్‌లో ఉన్న సైట్ ఫొటోలు, వీడియోలు టెర్మినల్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి హైదరాబాద్ ఆఫీసుకి పంపాలి. ఇవాళ ఆ పని గురించి మాట్లాడుకుందాం.

లాప్‌టాప్‌లో ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4, పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్32 అనుకోండి. ఒక్క ఫైల్ 4 జీబీ ఉంటే ఫ్యాట్32 తీసుకోదు. ఫైల్ పేరులో కోలన్ ఉన్నా ఒప్పుకోదు. ఇవి ఎర్రర్ ఇస్తాయి కాబట్టి తెలిసిపోతుంది. చప్పుడు చేయకుండా మారేది టైమ్.

ఈఎక్స్‌టీ4 టైమ్‌ని యూటీసీ లెక్కలో రాసుకుంటుంది. ఫ్యాట్32 గోడ గడియారంలో ఉన్నదే రాస్తుంది, అది ఏ దేశం టైమో రాయదు. యాంగాన్ యూటీసీకి ఆరున్నర గంటలు ముందు, ఇండియా ఐదున్నర. ఇక్కడ స్లాబ్ కాంక్రీట్ రాత్రి 7:10కి అయిందనుకోండి. పెన్‌డ్రైవ్‌లో వెళ్ళిన ఫొటో హైదరాబాద్‌లోనూ 7:10 అనే చూపిస్తుంది. అదే ఫొటో నెట్‌లో ఆర్‌సింక్‌తో, టైమ్ ఉంచమని చెప్పి పంపితే, అక్కడ 6:10 అంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఏది నమ్మాలి? పంపు అద్దె, కూలీల ఓవర్‌టైమ్ లెక్కకట్టేది ఆ గంట మీదే కదండీ.

మరి ఏం చేయాలంటే: ముందు ఫోల్డర్ మొత్తాన్ని టార్‌తో ఒకే ఫైల్ చేయండి. పేర్లు, టైములు, పర్మిషన్లు అందులోనే భద్రంగా ఉంటాయి. అది 4 జీబీ దాటితే స్ప్లిట్ కమాండ్‌కి హైఫన్ బి 3000ఎం ఇచ్చి ముక్కలు చేయండి. అక్కడ క్యాట్‌తో కలుపుకోవచ్చు. షా256సమ్ తీసి ఆ లెక్క కూడా పంపండి. అవతల హైఫన్ సి తో సరిచూసుకుంటారు.

విడి ఫైళ్ళే కావాలంటే పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. యూటీసీతో తేడా ఎంతో రాసుకునే చోటు అందులో ఉంది, 4 జీబీ గొడవా లేదు. 2020లో వచ్చిన లైనక్స్ 5.7 నుంచి కెర్నెల్‌లోనే దానికి మంచి డ్రైవర్ ఉంది. ఇంకో మాట: మామూలు సీపీ పాత టైమ్ ఉంచదు, కాపీ చేసిన టైమ్ వేస్తుంది. హైఫన్ పి తప్పకుండా పెట్టండి.

బిల్లుకి జతచేసే కాగితంలో మాత్రం "యాంగాన్ టైమ్" అని చేత్తో రాయండి. ఏ ఫైల్ సిస్టమ్ అయినా ఆ మాట మార్చలేదు. ఉంటానండీ.