పాఠం మారితే ఆఫీసూ మారాలి

(స్వర్ణోత్సవ సన్నాహక సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



"మీరు ముప్పయ్యేళ్లు యూనివర్సిటీలో పనిచేశారు కదా, చదువుల్లో వస్తున్న మార్పుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు మన కార్యదర్శి గారు. ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నేను పాఠం చెప్పినవాణ్ణి కాదు. పరీక్షల విభాగంలో గుమస్తాగా చేరి, అసిస్టెంట్ రిజిస్ట్రారుగా రిటైరయ్యాను. క్లాసు రూములో ఏం జరుగుతుందో నాకు తెలిసింది తక్కువ. దాని వెనక ఫైళ్ల గదిలో జరిగేది మాత్రం బాగా తెలుసు. కొత్త రకం చదువు నిలబడుతుందా, పడిపోతుందా అన్నది చాలాసార్లు తేలేది ఆ గదిలోనే.

దూరం వెళ్లక్కర్లేదు. మన రాంనగర్ చుట్టుపక్కలే చూద్దాం.

అడిక్‌మెట్ దాటితే ఉస్మానియా. 1918లో ఆ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పై చదువులన్నీ ఉర్దూలో చెప్పాలనుకున్నారు. దేశంలో కాలేజీ చదువంటే ఇంగ్లీషే అనుకునే రోజులవి. మరి భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలేవి? మాటలేవి? అందుకని 1917లోనే దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖ పెట్టారు. పుస్తకాలు అనువదించడానికి పండితులను, పారిభాషిక పదాలు తేల్చడానికి కమిటీలను నియమించారు. క్లాసులు మొదలయింది 1919లో. మనమంతా గొప్పగా చూపించుకునే ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939లో. అంటే ఆ భవనం కంటే ఇరవై రెండేళ్ల ముందే ఆఫీసు వచ్చింది.

ఇటు నారాయణగూడ దాటి హిమాయత్‌నగర్ వెళ్తే తెలుగు అకాడమీ. కాలేజీల్లో తెలుగు మాధ్యమం రావాలంటే ఉత్తర్వు ఒక్కటే చాలదని గ్రహించి 1968లో దాన్ని పెట్టారు. రాసేవాళ్లు, సరిచూసేవాళ్లు, పదకోశాలు తయారుచేసేవాళ్లు, అచ్చు వేయించి అమ్మేవాళ్లు, ఇంతమంది వెనక ఉంటేనే లెక్చరరు ముందు నిలబడి తెలుగులో అర్థశాస్త్రం చెప్పగలిగాడు. ఇక్కడ ఆ పుస్తకాలు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల బల్లల మీద ఇప్పటికీ అవే పుస్తకాలు.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982 ఆగస్టు 26న మన హైదరాబాదులో మొదలయింది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ పాస్ కాకపోయినా, అర్హత పరీక్ష గట్టెక్కితే డిగ్రీలో చేరవచ్చన్నారు. ఆజామాబాద్ ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసేవాళ్లకు, ముషీరాబాద్ డిపో కండక్టర్లకు, పెళ్లితో చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు అది పెద్ద కబురు.

దాని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి గారు. అంతకు ముందు ఉస్మానియా ఉపకులపతి. ఆయన బోధించిన సబ్జెక్టు ప్రభుత్వ పాలన. ఆ పని పాలన తెలిసిన మనిషి చేతిలో పడటం మన అదృష్టమని నేననుకుంటాను. ఎందుకంటారా? మామూలు కాలేజీలో పాఠం ఒక్కడి పని. లెక్చరరు వస్తాడు, చెప్తాడు, వెళ్తాడు. ఇక్కడ పాఠమంటే పుస్తకం. ఒకరు రాయాలి, ఇంకొకరు సరిదిద్దాలి, మరొకరు భాష చూడాలి, ప్రెస్సుకు వెళ్లాలి, గోదాములో చేరాలి, విద్యార్థి చేతికి అందాలి. పుస్తకాల కట్ట నెల ఆలస్యమైతే నెల రోజులు క్లాసు జరగనట్టే. అంటే స్టోర్‌కీపరు కూడా ప్రొఫెసరంత ముఖ్యుడయ్యాడు.

అలాగే ఊరూరా సొంత భవనాలు కట్టకుండా, ఉన్న కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టారు. సెలవు రోజుల్లో సంపర్క తరగతులు. వినడానికి తేలికే. కానీ ఆదివారం పొద్దున ఆ కాలేజీ తాళం ఎవరు తీయాలి? తీసిన అటెండరుకు డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలి? పాఠం చెప్పిన లెక్చరరు బిల్లు ఎవరు సంతకం చేయాలి? ఇలాంటి వంద ప్రశ్నలకు ముందుగా జవాబులు రాసుకుంటేనే ఆ చదువు నడుస్తుంది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాన్ని నడపడానికీ ఢిల్లీ వాళ్లు పిలిచింది రాంరెడ్డి గారినే.

ఈ మూడు చోట్లా పెద్దలు కొత్త పాఠంతో పాటు కొత్త ఆఫీసునూ కట్టుకున్నారు. కట్టుకోకపోతే ఏమవుతుందో నేను చేసిన పని వల్లే తెలిసింది. అది చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఇంటర్నెట్ ద్వారా చదువుకునే కోర్సులకు కూడా డిగ్రీలో క్రెడిట్లు ఇవ్వవచ్చని, అది ఇరవై శాతం దాకా ఉండవచ్చని యూజీసీ 2016లో నిబంధనలు తెచ్చింది. 2021లో దాన్ని నలభై శాతానికి పెంచింది. 2017లో స్వయం అనే వేదిక వచ్చింది. మంచిదే. నేను పనిచేసే చోట కూడా చేరండి, చేరండి అని విద్యార్థులకు సర్క్యులర్ పంపారు. ఆ సర్క్యులర్ మీద నంబరు వేసింది నేనే.

ఒక అమ్మాయి చేరింది. కోర్సు పూర్తి చేసి, పరీక్ష రాసి పాసయ్యి, సర్టిఫికెట్టు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. మా మార్కుల మెమోలో దాన్ని వేయడానికి గడి లేదు. కంప్యూటరులో కోడు లేదు. ఏ కమిటీ ఆమోదించాలో ఎవరికీ తెలియదు. నేను ఫైలు మీద "నిబంధన లేనందున తిప్పి పంపడమైనది" అని రాశాను. అక్షరం తప్పు లేదు. ఫైలు మూడు టేబుళ్లు తిరిగి ఏడు నెలలకు తేలింది. అప్పటికి పీజీ ప్రవేశాలు అయిపోయాయి. ఆ పిల్లకు ఒక ఏడాది పోయింది.

చివరిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి అరవలేదు. "సర్, చదవమన్నదీ మీరే, పరీక్ష రాయమన్నదీ మీరే. ఇప్పుడు మార్కులు వేయడానికి గడి లేదంటారేంటి?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారమే పై అధికారికి ఒక నోటు పెట్టాను: ఇకమీదట కొత్త కోర్సుకు సర్క్యులర్ పంపేముందు ఆ ఫైలు పరీక్షల విభాగానికి రావాలి, మెమోలో గడి సిద్ధమయ్యాకే సర్క్యులర్ పోవాలి అని. దాన్ని ఒప్పుకున్నారు. నా ఉద్యోగంలో నేను చేసిన కాస్త మంచి పని అదే. కానీ అది ఆ అమ్మాయికి పనికిరాలేదు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, స్వర్ణోత్సవ నిధితో మన బడిలో ఆరు గదులకు డిజిటల్ బోర్డులు పెట్టాలని సంఘం అనుకుంటోంది. వద్దనను. కానీ మన చిన్నప్పటి రేడియో గుర్తుందా? ఆకాశవాణి పాఠాలు వినిపించాలని ఎవరో దాతలు ఇచ్చారు. పాఠం వచ్చే వేళకు మనకు డ్రిల్లు పీరియడు. టైంటేబులు ఎవరూ మార్చలేదు. తాళం వేసిన బీరువాలో ఆ రేడియో అలాగే ముసలిదైపోయింది. దాని మీద మనం ఒక్క పాఠం కూడా వినలేదు.

అందుకని నా విన్నపం ఇది. ఆరు గదులు వద్దు, రెండు గదులతో మొదలుపెడదాం. మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో కరెంటు, ఇంటర్నెట్ బిల్లులు, మరమ్మతులు చూసుకుందాం. బోర్డు కొనేముందే హెడ్మాస్టరు గారితో కూర్చుని టైంటేబులులో దానికి పీరియడు రాయించుకుందాం. పాఠం తయారుచేసుకోవడానికి టీచరుకు వారానికి రెండు పీరియడ్లు ఖాళీ ఇవ్వమని అడుగుదాం. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో, పాడైతే ఎవరికి ఫోను చేయాలో ఆ గది గోడ మీదే రాసి పెడదాం. ఏడాది తర్వాత ఆ రెండు గదులు బాగా నడిస్తే మూడో గది గురించి ఆలోచిద్దాం. ఆ రిజిస్టరు రాసే పని నాకివ్వండి. రిటైరయినా ఆ చేతివాటం పోలేదు.

ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఏమీ లేదు, నిజమే. బోర్డు ముందు రిబ్బను కత్తిరించినట్టు టైంటేబులు ముందు కత్తిరించలేం. కానీ ఈసారి మన బడి పిల్లల్లో ఎవరూ వచ్చి "గడి ఎందుకు లేదు తాతా?" అని నన్ను అడగకూడదు.