నేను కొట్టానా? నన్ను కొట్టారా?



చిన్నపిల్లల మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను అంగన్‌వాడీలో పని చేస్తున్నాను. ఇద్దరు పిల్లల తల్లిని కూడా. ముందు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

మా చిన్నోడికి అప్పుడు రెండున్నర ఏళ్లు. ఒకరోజు సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వాడు వీధిలోంచి ఏడ్చుకుంటూ వచ్చాడు. "అమ్మా, నేను కొట్టా... నేను కొట్టా..." అన్నాడు. ఎవరినో కొట్టి వచ్చాడు అనుకున్నాను. "మళ్లీ కొడతావా?" అంటూ వీపు మీద రెండు వేశాను.

రాత్రి వాడి తల నిమురుతుంటే చేతికి బొప్పి తగిలింది. అప్పుడు అర్థమైంది. వాడు ఎవరినీ కొట్టలేదు. ఇంకో పిల్లాడే వాణ్ణి కొట్టాడు. "నన్ను కొట్టాడు" అనడం వాడికి రాలేదు. "నేను కొట్టాడు" అన్నాడు. ఏడుపులో ఆ చివరి "డు" నాకు వినపడలేదు. దెబ్బ తిన్నదీ వాడే. శిక్ష పడిందీ వాడికే.

చూశారా! "నేను", "నన్ను" ఎంత చిన్న మాటలు! ఒకదాని చోట ఇంకొకటి వస్తే న్యాయమే తారుమారు అవుతుంది.

ఈ మాటలు ఒకసారి చదవండి.

నేను – నన్ను – నాకు
నువ్వు – నిన్ను – నీకు
వాడు – వాణ్ణి – వాడికి
ఆమె – ఆమెను – ఆమెకు

పని చేసింది ఎవరు? నేను. ఎవరిని చేశారు? నన్ను. ఎవరికి ఇచ్చారు? నాకు. ఇంతే సంగతి. మనకు ఇవి పుట్టుకతో వచ్చినట్టు ఉంటాయి. కానీ పిల్లలకు ఇవి కష్టం. ఎందుకో తెలుసా?

కుక్కను ఎవరు చూసినా కుక్కే అంటారు. చెంబును ఎవరు చూసినా చెంబే అంటారు. "నేను" అలా కాదు. నేను అంటే "నేను" నన్ను చెబుతుంది. మీరు అంటే మిమ్మల్ని చెబుతుంది. మాట్లాడే మనిషి మారితే ఆ మాట కూడా చేతులు మారుతుంది.

ఇంట్లో అందరూ పిల్లను "నువ్వు" అంటారు. "నీకు ఆకలా?" అని అడుగుతారు. అందుకే "నువ్వు" అంటే తన పేరే అని ఆ పిల్ల అనుకుంటుంది. దాహం వేస్తే "నీకు నీళ్లు" అంటుంది. మొండితనంతో అనడం లేదు. విన్నదే అంటోంది.

ఇంకొకటి. మనం "అన్నం తిన్నాను" అంటాం. "నేను" అనకపోయినా తెలిసిపోతుంది. "అమ్మ పెడుతుంది, తిను" అని కూడా అంటాం. ముద్దుగానే ఉంటుంది. కానీ పిల్లల చెవిన "నేను" తక్కువ పడుతుంది.

మరి ఏం చేయాలి? నేను చేసి చూసినవి చెబుతాను.

ఒకటి. రెండేళ్లు దాటాక నిండు మాట అనండి. "నేను నీకు అన్నం పెడుతున్నాను. నువ్వు నాకు గిన్నె ఇయ్యి." ఇలా చెబుతూ చేత్తో చూపించండి.

రెండు. పిల్ల "నీకు నీళ్లు" అంటే నవ్వకండి. ఆ పిల్ల చెయ్యే తన గుండె మీద పెట్టండి. "నాకు నీళ్లు కావాలి" అని పిల్ల తరఫున మీరే అనండి. వెంటనే నీళ్లు ఇవ్వండి. తిరిగి అనమని పట్టుబట్టకండి. దాహం తీరడం ముందు. పాఠం తరవాత.

మూడు. ఆడించండి. "నువ్వు నన్ను పట్టుకో!" అని పరిగెత్తండి. దొరికాక, "నువ్వు నన్ను పట్టుకున్నావు. ఇప్పుడు నేను నిన్ను పట్టుకుంటాను" అనండి. పదిసార్లు ఆడితే పదిసార్లు వింటారు. పైసా ఖర్చు లేదు.

నాలుగు. పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు పిల్లల్ని దగ్గర కూర్చోనివ్వండి. అత్త "నేను" అంటుంది, కోడలు "నేను" అంటుంది. ఇద్దరికీ ఆ మాట చెల్లుతుందని పిల్లలు అలా విని పట్టుకుంటారు.

అయిదు. పిల్ల ఏడుస్తూ వస్తే రెండు ప్రశ్నలు అడగండి. "ఎవరు కొట్టారు? ఎవరిని కొట్టారు?" వేలితో చూపించమనండి. అప్పుడు పొరపాటు పడం. నేను ఆ సాయంత్రం ఈ రెండు ప్రశ్నలు అడగలేదు.

ఒకరు "నన్ను కొట్టాడు" అంటారు. ఒకరు "నన్ను కొట్టిండు" అంటారు. ఏ ఊరి మాట ఆ ఊరికి ఒప్పే. దాన్ని దిద్దవద్దు. ఎవరు ఎవరిని అన్నది తెలిస్తే చాలు.

ఈ తికమక రెండేళ్లకు, మూడేళ్లకు మామూలే. మెల్లగా అదే సర్దుకుంటుంది. కానీ కొన్ని సంగతులు గమనించండి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోవడం. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. వచ్చిన మాటలు పోవడం. నాలుగేళ్లు దాటినా "నేను", "నువ్వు" తారుమారు కావడం. వీటిలో ఏది ఉన్నా ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. చెవులు కూడా చూపించండి. సరిగా వినపడని పిల్లకు మాట సరిగా రాదు. "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని కూర్చోకండి.

అక్కలారా! పిల్లలు రేపు బయటికి వెళతారు. ఎవరైనా బెదిరించవచ్చు. ఒంటి మీద చెయ్యి వేయవచ్చు. "నన్ను ఇలా చేశారు" అని వాళ్లు మనకు చెప్పగలగాలి. చెప్పినప్పుడు మనం వినగలగాలి. మాట నేర్పడం వాళ్లకు. వినడం నేర్చుకోవడం మనకు.

ఈ రాత్రి పలక తీయండి. "నేను, నన్ను, నాకు" అని రాయండి. "నన్ను"లో న కింద న వత్తు మరిచిపోకండి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

మా చిన్నోడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. ఆ దెబ్బలు వాడికి గుర్తు లేవు. నాకు గుర్తున్నాయి. అందుకే మీకు చెప్పాను.

సెలవు.