చెయ్యి ఎందుకు వణుకుతుంది?



ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో దంచడం చూశారు కదా. ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు పడాలి. వరస తప్పితే రోకళ్లు కొట్టుకుంటాయి.

మన మెదడూ అంతే. అందులో చాలా భాగాలున్నాయి. సన్నని నరాలు వాటిని కలుపుతాయి. అన్నీ కలిసి పని చేస్తేనే చెయ్యి కుదురుగా ఉంటుంది. వరస తప్పితే వణుకుతుంది. ఇది గాలి సోకడం కాదు. ఎవరి శాపమూ కాదు.

ఎక్కువగా కనబడే వణుకులు రెండు.

ఒకటి: చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతుంది. పని మొదలుపెడితే తగ్గుతుంది. నడక నెమ్మదిస్తుంది. ఇది పార్కిన్సన్ జబ్బు. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి రాశాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గితే ఇది వస్తుంది.

రెండోది: గ్లాసు ఎత్తితే, సూదిలో దారం ఎక్కిస్తే వణుకుతుంది. ఒకే ఇంట్లో తల్లికీ బిడ్డకీ కూడా రావచ్చు. ఇలాంటి వాళ్లు నీళ్లు ఒలకబోస్తే కసరకండి. గ్లాసు సగమే నింపండి.

రెండింటికీ మందులు వేరు. పార్కిన్సన్‌కు లెవోడోపా బిళ్లలు ఇస్తారు. జబ్బు పూర్తిగా పోదు. బాధ తగ్గుతుంది. ఒంటికి తగిలితే దురద పెట్టే దూలగొండి తెలుసు కదా! దాని గింజల్లోనూ ఈ మందు ఉంది. అలాగని గింజలు నూరి తినకండి. ఎంత తినాలో మనకు తెలియదు. ఎక్కువైతే ప్రమాదం.

చెయ్యి ఎప్పుడు వణుకుతోంది? ఊరికే ఉన్నప్పుడా? పని చేసేటప్పుడా? గమనించండి. కాగితం మీద రాసుకోండి. పెద్దాసుపత్రిలో డాక్టరుకు చూపించండి. బిళ్లలు మీ అంతట మీరు ఆపెయ్యకండి.