కానరాని నొప్పి, నెమ్మదిగా వచ్చే స్వస్థత

సకల స్తుతులకు అర్హుడు మనలను మట్టితో సృజించి, మన దేహంలోని ప్రతి నరానికీ ఒక పని అప్పగించిన అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

మాన్య సోదరులారా, సోదరీమణులారా!

ముందుగా మాకు, ఆ తరువాత మీకు తఖ్వాను గుర్తుచేస్తున్నాము. ఈ జుమా నాడు మేము ప్రస్తావించదలచినది మింబరుపైనుండి సాధారణంగా వినబడని విషయం. మనం కప్పి ఉంచుకునే శరీరభాగంలో పుట్టి ఏళ్ల తరబడి వేధించే ఒక నరాల నొప్పి గురించి, దానికి ఆపరేషన్ చేయించుకున్నవారు కోలుకునే నెలల గురించి, ఆ నెలలలో వారి పట్ల మన బాధ్యత గురించి మాట్లాడుకుందాం. విషయం సున్నితమైనదే. అయితే ధర్మం నేర్చుకునే విషయంలో సిగ్గును అడ్డురానివ్వలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. హయా విశ్వాసంలో భాగం. బాధను దాచిపెట్టి కుమిలిపోవడం మాత్రం హయా కాదు.

ఏమిటీ నొప్పి?

వెన్నెముక చివర ఉండే త్రికాస్థి నుండి వెలువడే నరాలు కలిసి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున రెండు నరాలుగా ఏర్పడతాయి. వైద్యులు వీటిని పుడెండల్ నరాలు అంటారు. మర్మాంగాలకు, మలద్వారం పరిసరాలకు స్పర్శ తెలిసేది ప్రధానంగా వీటి ద్వారానే. మూత్రాన్ని, మలాన్ని ఆపుకోగలిగే శక్తిలోనూ వీటికి ముఖ్యమైన పాత్ర ఉంది. ఈ నరం కటి ఎముకలను బిగించి ఉంచే రెండు గట్టి కట్టుల నడుమగా సాగి ఒక ఇరుకైన మార్గంలో ప్రవేశిస్తుంది. ఐర్లాండుకు చెందిన బెంజమిన్ ఆల్కాక్ అనే శరీరశాస్త్రవేత్త 1836లో ఆ మార్గాన్ని వర్ణించినందున నేటికీ దానిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఆ ఇరుకులో నరం నలిగిందంటే మంట, పోటు, కరెంటు తగిలినట్టు గుచ్చుకునే బాధ మొదలవుతాయి. కూర్చుంటే బాధ పెరుగుతుంది. నిలబడినా, పడుకున్నా కొంత శాంతిస్తుంది. ప్రసవం, పడిపోవడం, కటి భాగంలో లోగడ జరిగిన ఆపరేషన్, ఎక్కువకాలం సైకిల్ తొక్కడం, గంటల తరబడి కూర్చుని చేసే పని దీనికి కారణాలు కావచ్చు.

సోదరులారా! ‘పుడెండల్’ అనే పేరు లాటిన్ భాషలో సిగ్గుపడటం అనే అర్థమున్న మాట నుండి వచ్చింది. మన ఉర్దూలో ఆ భాగాన్ని షర్మ్‌గాహ్ అంటాము, అంటే సిగ్గుపడే చోటు. తెలుగులో మర్మాంగం అంటాము, మర్మమంటే రహస్యం. మూడు భాషలూ ఆ చోటిపై తెర వేశాయి. ఆ తెర మర్యాద కోసం. అయితే తెర వెనుక ఒక మనిషి మూలుగుతున్నప్పుడు ఆ మూలుగు వినకుండా ఉండటానికి అది సాకు కారాదు.

రోగి మాటే సాక్ష్యం

ఈ వ్యాధిని ఎక్స్‌రే గానీ, స్కానింగ్ గానీ, రక్తపరీక్ష గానీ వాటంతటవే తేల్చి చెప్పలేవు. ఫ్రాన్స్ దేశంలోని నాంత్ నగరం పేరుతో 2008లో వెలువడిన ప్రమాణాలను వైద్యులు నేటికీ అనుసరిస్తారు. అవి ఐదు. నొప్పి ఆ నరం వ్యాపించిన భాగంలోనే ఉండాలి. కూర్చున్నప్పుడు పెరగాలి. రాత్రివేళ రోగిని నిద్రనుండి లేపనిదై ఉండాలి. పరీక్షలో స్పర్శ కోల్పోయినట్టు కనబడరాదు. ఆ నరం వద్ద మత్తు సూది ఇస్తే ఉపశమనం కలగాలి. గమనించండి. వీటిలో అధికభాగం రోగి నోట విని తెలుసుకోవలసినవే. వైద్యశాస్త్రం రోగి మాటను సాక్ష్యంగా స్వీకరిస్తున్నప్పుడు, దానిని నాటకమని తోసిపుచ్చే అధికారం మనకెక్కడిది? సూరా హుజురాత్‌లో అల్లాహ్ విశ్వాసులను దురనుమానం నుండి వారించాడు. ఎవరి నొప్పి మన కంటికి కనబడదో వారి విషయంలో ఆ ఆజ్ఞ మరింత బరువైనది.

మా మస్జిదుకు వచ్చే ఒక దర్జీ సోదరుని అనుమతితో ఆయన సంగతి చెబుతున్నాము. మిషను ముందు కూర్చుని బతికే మనిషి. నాలుగేళ్లు ఆ నొప్పి భరించాడు. ఒకరు మొలలన్నారు, ఒకరు వేడి చేసిందన్నారు, ఒకరు నజర్ తగిలిందన్నారు. చివరకు ఒక వైద్యుడు ఓపికగా విని, వ్యాధిని గుర్తించి, మందులూ సూదులూ పనిచేయనందున ఆపరేషన్ చేయించాడు. నెలన్నర తరువాత ఆయన జుమాకు వచ్చి, ఖుత్బా సేపంతా వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒకరు ప్రేమతోనే కుర్చీ తెచ్చారు. వద్దన్నాడు. “ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా ఏమిటీ వేషాలు?” అని మరొకరు అన్నారు. తరువాతి మూడు జుమాలకు ఆయన రాలేదు. మేము పరామర్శకు వెళితే, “హజ్రత్, నొప్పికి మందు ఉంది. నమ్మకపోవడానికి మందేముంది?” అన్నాడు.

నడుము నొప్పి ఉన్నవారికి కుర్చీ వరం. ఈ రోగికి కుర్చీయే శిక్ష. తెలియక చేసే ఉపకారం కూడా బాధిస్తుంది. కనుక ఉపకారం చేసేముందు “మీకు ఎలా ఉంటే సుఖం?” అని ఒక్క మాట అడగండి.

చికిత్స తవక్కుల్‌కు విరుద్ధం కాదు

అల్లాహ్ ఏ వ్యాధిని దింపినా దానికి చికిత్సను కూడా దింపాడని ప్రవక్త (స) బోధించారు. వైద్యం చేయించుకోమని ఆదేశించారు. హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) జబ్బుపడినప్పుడు ప్రవక్త (స) ఆయన వద్దకు ఒక వైద్యుణ్ణి పంపగా, ఆ వైద్యుడు నరం కోసి కాల్చి చికిత్స చేసినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. కనుక శస్త్రచికిత్సను విశ్వాస లోపంగా భావించరాదు. దుఆ చేద్దాం, దానితో పాటు వైద్యుని వద్దకూ వెళదాం. చికిత్స అవసరమైనంత మేరకు వైద్యుని ఎదుట ఆచ్ఛాదన తొలగించడానికి షరీఅత్ అనుమతిస్తుంది. స్త్రీలకు స్త్రీ వైద్యురాలు ఉత్తమం. లభించనప్పుడు అవసరాన్ని బట్టి అనుమతి ఉంది. ప్రసవానంతరం ఇలాంటి నొప్పితో బాధపడే సోదరీమణులు “ఇంట్లో ఎలా చెప్పాలి?” అని ఏళ్లు గడపకూడదు. అత్తలారా, భర్తలారా! వారు నోరు తెరిచి చెప్పగలిగే వాతావరణం కల్పించడం మీ బాధ్యత.

ఆపరేషన్ తరువాతి నెలలు

ఈ ఆపరేషన్‌లో ప్రసిద్ధమైన ఒక పద్ధతి ప్రకారం వైద్యులు పిరుదు గుండా దారిచేసుకుని, నరాన్ని నొక్కుతున్న కట్టును కోసి, నరానికి చోటు కల్పిస్తారు. చర్మంపై గాయం కొన్ని వారాలలో మానుతుంది. కానీ ఏళ్లపాటు నలిగిన నరం విడుదలైన వెంటనే శాంతించదు. ఫ్రాన్స్ వైద్యులు 32 మంది రోగులను రెండు జట్లుగా చేసి పరిశీలించి 2005లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ పొందినవారిలో మూడు నెలలకు మెరుగైనవారు దాదాపు సగం. ఏడాది గడిచేసరికి నూటికి 71 మంది మెరుగయ్యారు. ఆపరేషన్ పొందనివారిలో ఏడాదికి మెరుగైనవారు నూటికి 13 మందే. ఈ లెక్కలో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, మూడు నెలలకు తగ్గనిది ఏడాదికి తగ్గవచ్చు, కాబట్టి తొందరపడి నిరాశ చెందరాదు. రెండవది, ఏడాది తరువాత కూడా కొందరికి నొప్పి మిగిలే ఉంటుంది. ఆ కొందరూ మన సోదరులే. వారి సహనంలో లోపమేమీ లేదు.

కోలుకునేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కూర్చునే సమయాన్ని వైద్యుని సలహాతో కొద్దికొద్దిగా పెంచుకోవాలి. నడుమ ఖాళీ ఉన్న దిండు వాడుకోవచ్చు. మలబద్ధకం రానివ్వకుండా నీళ్లు, కూరగాయలు, పండ్లు తీసుకోవాలి. ముక్కడం నరానికి భారం. బరువులెత్తరాదు. నరాల నొప్పికి ఇచ్చే మందులను కాస్త తగ్గిందని హఠాత్తుగా మానరాదు. జ్వరం వచ్చినా, గాయం నుండి చీము కారినా, మూత్రం బంద్ అయినా, మర్మభాగంలో కొత్తగా తిమ్మిరి లేదా కాళ్లలో బలహీనత కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నమాజ్ ఎలా?

సోదరులారా! హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) కు మొలల వ్యాధి ఉండేది. ఆయన నమాజ్ గురించి అడిగినప్పుడు ప్రవక్త (స) నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. రోగి నమాజ్‌కు ఇంతటి ఆధారమైన ఈ హదీసు శరీరంలోని ఆ మరుగు భాగంలో బాధ ఉన్న ఒక సహచరుని ప్రశ్నకు జవాబుగా మనకు అందింది. ఆయన సిగ్గుపడి అడగకపోతే మనకు ఈ సౌలభ్యం ఎలా తెలిసేది?

మనం చెప్పుకుంటున్న రోగికి నిలబడటం సులభం, కూర్చోవడమే కష్టం. సూత్రం మాత్రం అదే. అల్లాహ్ ఎవరిపైనా వారి శక్తికి మించిన భారం వేయడు. వంగితే గాయం లాగుతున్న వారాలలో రుకూ, సజ్దాలు సైగతో చేయవచ్చు. కూర్చోలేనివారు తమకు వీలైన భంగిమలో నమాజ్ పూర్తిచేయవచ్చు. గాయానికి నీరు తగలరాదని వైద్యుడు చెబితే దానికి తగిన మసహ్, తయమ్ముమ్ ఆదేశాలున్నాయి. మూత్రం ఆగక ఒక నమాజ్ వేళంతా కారుతూనే ఉంటే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అతడు మఅజూర్. ప్రతి నమాజ్ వేళకు వుజూ చేసుకుని నమాజ్ చేసుకోవచ్చు. జుమాకు రాలేని రోగిపై జుమా విధి కాదు, ఇంట్లో జుహ్ర్ చేసుకుంటాడు. రమజాను ఉపవాసాలు వాయిదా వేసి తరువాత పూర్తిచేసుకోవచ్చు. ఎవరి స్థితిని బట్టి వారు ఆలిములను అడిగి తెలుసుకోవాలి. తలకు గాయమైన ఒక వ్యక్తికి కొందరు తెలియకుండానే గుసుల్ తప్పదని చెప్పగా, అతడు స్నానం చేసి మరణించాడు. ఆ వార్త విని ప్రవక్త (స) ఆగ్రహించారు. తెలియనివారు అడిగి తెలుసుకోవలసిందని మందలించారు. రోగిపై కఠినత్వం రుద్దడం దైవభక్తి కాదని ఈ సంఘటన చాటుతోంది.

ఒక శుభవార్త కూడా వినండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం దాసుడు జబ్బుపడినప్పుడు కూడా అతని ఖాతాలో వ్రాయబడుతుందని ప్రవక్త (స) తెలిపారు. మొదటి వరుసలో నిలబడిన మనిషి మంచంపై సైగలతో సజ్దా చేస్తున్నా, అల్లాహ్ వద్ద ఆయన వరుస మారలేదు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తుతి, ప్రవక్త (స) పై దరూద్ తరువాత, మూడు మాటలు చెప్పి ముగిస్తాము.

రోగులారా! హజ్రత్ అయ్యూబ్ (అలై) తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అయినా ఖుర్ఆన్ ఆయనను సహనశీలుడనే పేర్కొంది. నొప్పి అని చెప్పుకోవడం, కన్నీరు పెట్టడం సబర్‌కు విరుద్ధం కాదు. బాధ తాళలేక చావును కోరుకోవద్దని ప్రవక్త (స) వారించారు. బతుకు మేలైనంత కాలం బతికించమని వేడుకోవడం నేర్పారు. అలాంటి చీకటి ఆలోచనలు వస్తే ఒంటరిగా ఉండకండి. ఇంటివారికి, వైద్యునికి వెంటనే చెప్పండి.

కుటుంబీకులారా! ఈ వ్యాధి దాంపత్యాన్ని కూడా తాకుతుంది. ఖుర్ఆన్ భార్యాభర్తలను ఒకరికొకరు దుస్తులతో పోల్చింది. దుస్తులు గాయాన్ని కప్పుతాయి, ఒరుసుకుపోవు. ఈ నెలలలో నిందించకండి, ఇతరులతో పోల్చకండి, ఎంతకాలమని రోజూ అడగకండి.

జమాఅత్ సోదరులారా! జబ్బుపడిన దాసుణ్ణి పరామర్శించి ఉంటే అక్కడ తనను పొందేవారని ప్రళయదినాన అల్లాహ్ అంటాడని హదీసులో ఉంది. పరామర్శకు వెళ్లినప్పుడు ఆపరేషన్ ఎక్కడ, ఎలా అని ఆరాలు తీయకండి. నీళ్లు మోయాలా, సిలిండరు ఎత్తాలా, పిల్లలను బడికి దించాలా అని అడగండి. అతనిది కూర్చుని చేసే పని అయితే, నిలబడి చేయగలిగే పని ఇప్పించగలమేమో ఆలోచించండి. వెనుక వరుసలో నిలబడేవారిని, ఒరిగి నమాజ్ చేసేవారిని తేరిపార చూడకండి. నమాజ్‌లో బలహీనులు, రోగులు, వృద్ధులు ఉంటారు గనుక తేలికగా నడిపించమని ప్రవక్త (స) ఇమాములను ఆదేశించారు. మా వంతుగా మేము ఖిరాఅత్‌ను, ఖుత్బాను క్లుప్తంగా ఉంచుతాము. మస్జిదు వెనుక గోడ పక్కన కూర్చోలేనివారి కోసం కొంత చోటు వదిలిపెట్టాలని కమిటీని కోరాము.

ఓ అల్లాహ్! కనిపించే బాధ ఉన్నవారికీ, కనిపించని బాధ ఉన్నవారికీ పరిపూర్ణ స్వస్థత ప్రసాదించు. చెప్పుకోలేకపోతున్న మా సోదరీమణులకు చెప్పుకునే ధైర్యాన్నీ, వినే మనుషులనూ ప్రసాదించు. వైద్యుల చేతులకు నైపుణ్యాన్నీ, మా హృదయాలకు దయనూ ఇవ్వు. తోటివారి బాధను అనుమానించే పాపం నుండి మమ్మల్ని కాపాడు. ఆమీన్.