కాగితం లేనివానికి సాక్షియే కాగితం
(శాఖా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పగలు శిక్షణ, రాత్రి కూలిపని - ఈ రెంటి మధ్య నలిగే యువకులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచాను. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, టర్నరు, వెల్డరు పనులు నేర్చుకొనే మన బిడ్డలలో అనేకులు రాత్రివేళ చిన్న వర్క్‌షాపులలో పనిచేస్తుంటారు. ఒక వెర్నియర్ కాలిపరుతో ముగ్గురు పని గడుపుకొంటారు. షిఫ్టు వలన తరగతికి రాలేనివానికి తోటివాడు నోట్సు వ్రాసిపెడతాడు. ఇది దానధర్మం కాదు. రేపు ఆ అవసరం తనకే కలుగవచ్చునని ప్రతివాడూ ఎరుగును.

నా విద్యార్థి దశలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మేము రాత్రిళ్ళు పనిచేసే వర్క్‌షాపులో ఒక మిత్రుని వేళ్ళు లేతు చక్‌లో పడి నలిగిపోయాయి. ఆ రాత్రి అతడు పనికే రాలేదని యజమాని బొంకాడు. వచ్చాడని ఆరుగురు సహచరులు సంతకాలు చేశారు. నేను చేయలేదు. మా ఇంటికి నా కూలి ఒక్కటే ఆధారం. సంతకం చేసినవారందరినీ మరునాడే పనినుండి తొలగించారు. అయినా వారు నన్ను వెలివేయలేదు. మధ్యాహ్నం తమ అన్నంలో నాకు వాటా పెట్టడం మానలేదు. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు.

ఆనాడు మాలో సహాయగుణం కొరవడలేదు, కొరవడినది సంఘం అండ. పని పోయిన ఆరుగురిని ఆదుకొనే నిధి ఉన్నట్లయితే, ఏడవ సంతకం కూడా పడి ఉండేది.

1961 నాటి అప్రెంటిసుల చట్టం 18వ సెక్షను అప్రెంటిసును శిక్షణార్థి అన్నదేగాని కార్మికుడు అనలేదు. అయినను 14వ సెక్షను ద్వారా ఆరోగ్య, భద్రతా నిబంధనలను వర్తింపజేసింది. 16వ సెక్షను ద్వారా గాయాలకు నష్టపరిహార బాధ్యతను యజమానిపై మోపింది. కాని ఒప్పంద పత్రం గాని, హాజరుపట్టీలో పేరు గాని లేక రాత్రిపని చేసే విద్యార్థి తాను పనిలో ఉన్నట్లు దేనితో నిరూపించుకొంటాడు? అతనికి సాక్షియే కాగితం. ఆ సాక్షిని కాపాడడమే మన కర్తవ్యం.

కనుక ప్రతి శాఖా మూడు పనులు చేపట్టాలి. తన పరిధిలో రాత్రిపని చేసే విద్యార్థుల పేర్లు నమోదు చేయాలి. పనిచేసిన రోజులు, గంటలు, అందిన కూలి ప్రతివాడూ పుస్తకంలో వ్రాసుకొనేటట్లు చూడాలి. సాక్ష్యం చెప్పి పని పోగొట్టుకొన్నవారికై సహాయనిధి నెలకొల్పాలి.

వారు తమ అన్నం పంచుకొంటున్నారు. వారి భయాన్ని మనం పంచుకొందాం.