మిరియం సంగతి ఎవరు తేలుస్తారు?



విన్‌క్రిస్టీన్ బిళ్ళగన్నేరు నుంచి, పాక్లిటాక్సెల్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. కీమో వేరు, మొక్కల మందు వేరు అని ఇంకా వాదించేవాళ్ళకి ఆ రెండు పేర్లే జవాబు. నా పేచీ అది కాదు. ముప్ఫై ఏళ్ళుగా నా పేచీ మిరియంతో. "మాస్టారు మళ్ళీ మిరియాల దగ్గరికొచ్చారు" అని వెనక వరసలో నవ్వుకుంటున్నారు. నవ్వండి.

1998లో బెంగళూరు పరిశోధకులు పసుపులోని కర్క్యుమిన్ 2 గ్రాములకి మిరియంలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడించి, కర్క్యుమిన్ ఒంటికి పట్టడం 2000 శాతం పెరిగిందని చూపించారు. పండగ చేసుకున్నాం. పసుపు మాత్రలు అమ్మేవాళ్ళు మిరియం సారాన్నీ కలిపేశారు. అసలు ఎందుకు పెరిగింది? బయటి సరుకుని సాగనంపే కాలేయం పనిని పైపరిన్ మందగింపజేస్తుంది కనక. అదే పైపరిన్ సీవైపీ3ఏ4 ఎంజైమునీ, పేగు కణంలోంచి మందుని వెనక్కి నెట్టే పి-గ్లైకోప్రోటీన్‌నీ కూడా అడ్డుకుంటుందని 2002లో ప్రయోగశాలలో తేలింది. డోసెటాక్సెల్ అనే కీమో మందుని విరిచి పంపేది ప్రధానంగా ఆ ఎంజైమే. మరి పసుపుకి పట్టిన అదృష్టం డోసెటాక్సెల్‌కీ పడితే, దాన్ని భరించాల్సింది ఎముక మజ్జ కదా!

క్షయ వైద్యులు మనకన్నా తెలివైనవాళ్ళు. జమ్మూలో శాస్త్రవేత్త అటల్‌గారి బృందం మొదలుపెట్టిన పని చివరికి ఒక మాత్రగా వచ్చింది: 10 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చి, రిఫాంపిసిన్‌ని 450 నుంచి 200 మిల్లీగ్రాములకి దించారు. వాళ్ళు డోసు తగ్గించి మరీ మిరియం కలిపారు. కాన్సర్ వార్డులో డోసు అంతే ఉంటుంది, మిరియం మాత్రం ఇంటినుంచి ఫ్లాస్కులో వస్తుంది.

ఆ ఫ్లాస్కుని నేను కళ్ళారా చూశాను. రొమ్ము కాన్సర్ ఆవిడ, మూడో సైకిల్ తర్వాత తెల్లకణాలు బాగా పడిపోయాయి. కేసుషీటులో ఏమీ లేదు. మంచం కింద పసుపు, మిరియాలు వేసి కాచిన పాలు. "డాక్టరుగారు తిడతారని చెప్పలేదు బాబూ" అంది వాళ్ళ అత్తగారు. ఆ పాలవల్లే పడిపోయాయని నేననను. నాలుగు మిరియాలకి ఏమవుతుందయ్యా అనేవాళ్ళున్నారు. కొలిచి చెప్పండి, ఒప్పుకుంటాను.

కొలిచేవాళ్ళేరీ? ప్లేటులో కణాల మీద కర్క్యుమిన్ కుమ్మరించి, పక్కన సిస్‌ప్లాటిన్ చుక్క వేసి, సినర్జీ అంటూ ఏటా పేపరు తెచ్చే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, వాళ్ళకే తెలుసు. ఆ గాఢత ఏ మనిషి నెత్తురులో కనిపించింది నాయనా? కలిపితే మందు చెడిన సందర్భాలూ ఉన్నాయి. గ్రీన్ టీలోని ఈజీసీజీ, బోర్టెజోమిబ్ అనే కాన్సర్ మందుని పట్టి పనిచెయ్యనివ్వకుండా చేస్తుందని 2009లో చూపారు. సెయింట్ జాన్స్ వోర్ట్ తీసుకున్న రోగుల్లో ఇరినోటెకాన్ అసలు పనిచేసే రూపం 42 శాతం తగ్గింది. చూసింది అయిదుగురినే. అయిదుగురి నెత్తురు మనకి నేర్పినంత, వెయ్యి ప్లేట్లు నేర్పలేదు.

మిరియానికి పేటెంటు లేదు, కంపెనీ డబ్బివ్వదు. ఏమీ తేడా రాలేదంటే జర్నలూ వేసుకోదు. అయినా అడుగుతున్నాను. కేసుషీటులో "ఇంటి మందులు" అని ఒక గడి గీయండి. తిట్టకుండా అడిగి నింపండి. డోసెటాక్సెల్ ఎక్కించిన రోజు నాలుగుసార్లు నెత్తురు తీయండి. వచ్చే ఏడు పదిమంది రోగుల లెక్క తెచ్చినవాళ్ళకి, భోజనం ముందు నా ప్రసంగానికిచ్చే ఈ గంట కూడా ఇచ్చేస్తాను.