ఈ ఆటయ్యాక వస్తా

(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం)



నెలన్నర కిందట కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేడమ్, అమెరికా నుంచి వస్తున్నారు కదా, పావుగంట మాట్లాడాలి, దేని గురించి మాట్లాడతారు?" అని అడిగారు. "పేకాట గురించి" అన్నాను. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. కాసేపయ్యాక ఆయనే అన్నారు, "కార్డులో 'ప్రవాస జీవితానుభవాలు' అని వేయిద్దామాండీ?" అని. మీ చేతుల్లో ఉన్న కార్డులో అదే ఉంది. ఆయన తప్పేం లేదు. మన జిల్లాలో పేకాట అన్న మాట వినగానే ఏ ఇంట్లో ఏం పోయిందో అందరికీ గుర్తొస్తుంది.

మా ఇంట్లో పోయింది ఎకరం ముప్పై సెంట్లు. అది 1983, నేను ఎనిమిదో తరగతి. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందాల పక్కన పాక వేసి ఆడే ఆట అందరికీ తెలిసిందే. మా నాన్నది ఆ ఆట కాదు. ఆయన ఏడాది పొడుగునా రైస్ మిల్లు వెనకాల క్లబ్బులో రమ్మీ ఆడేవారు. రాత్రి తొమ్మిది దాటితే అమ్మ నన్ను పంపేది. సైకిల్ స్టాండు వేసి గుమ్మంలో నిలబడి, "నాన్నా, అమ్మ రమ్మంటోంది" అనేదాన్ని. ఆయన ముక్కల మీంచి తలెత్తకుండా, "పద తల్లీ, ఈ ఆటయ్యాక వస్తా" అనేవారు. ఒక్కోసారి ఆ ఆట తెల్లవారుజామున అయ్యేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నాన్న చేతకాని ఆటగాడు కాదు. ఎవరు ఏ ముక్క పారేశారో, ఎవరు ఏది ఎత్తారో ఆయనకు కంఠతా ఉండేది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. ఆ నేర్పు నాన్నకు ఉంది. లేనిదల్లా లేవడం. ఎనిమిదో తరగతిలో నాకిది అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నాకు నలభై ఏళ్లు దాటాయి, ఆయన పోయి చాలా కాలమైంది.

అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని పోకర్ బల్ల దగ్గర ఎలా తేలానంటే, ఆఫీసు వల్ల. శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. 2009లో మా టీమ్‌లో ఒకాయన శుక్రవారం ఇంటికి పిలిచాడు. మనిషికి 20 డాలర్లు, పిజ్జా, పేకముక్కలు. ముక్కలు చేతిలోకి తీసుకుని పదేళ్లు దాటిపోయింది. పట్టుకోగానే వేళ్లకు వాటంతటవే గుర్తొచ్చాయి. భయమేసింది. మరుసటి శుక్రవారం మళ్లీ వెళ్లాను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, అవి తమకే కనబడతాయి. బల్ల మధ్యలో అయిదు ముక్కలు, అందరికీ ఉమ్మడి. మొదట మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి తెరుస్తారు. ప్రతిసారీ పందెం వేయొచ్చు, ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ఎవరివైతే వాళ్లదే కుప్ప. రెండు ఆసులు చేతికి రావడం 221 సార్లకు ఒక్కసారి. కార్డ్ రూములో గంటకు పాతిక, ముప్పై ఆటలు పడతాయి కాబట్టి, ఒక రోజంతా కూర్చున్నా రెండు ఆసుల మొహం చూడకుండా ఇంటికి రావచ్చు. మిగతా సమయమంతా చేసే పని పారేయడమే. సినిమాల్లో ఇది చూపించరు.

శాన్ హోసేలో రెండు పెద్ద కార్డ్ రూములున్నాయి. 2011లో మొదటిసారి ఒకదానికి వెళ్లినప్పుడు కారులో ఇరవై నిమిషాలు కూర్చుండిపోయాను. లోపల తొమ్మిది మంది బల్ల, నేనొక్కదాన్నే ఆడదాన్ని. చిప్స్ పట్టుకుంటే చేతులు వణికాయి. మొదటి పందెమే కొంత ముందుకు పెట్టి, మళ్లీ వెనక్కొచ్చి ఇంకొంత తీసుకెళ్లాను. అలా చేయకూడదట, మొత్తం ఒకే ఊపులో పెట్టాలట. డీలర్ రెండోసారి పెట్టినవి వెనక్కి నెట్టేశాడు. పక్కన పెద్దాయన, "పరవాలేదు స్వీట్‌హార్ట్, నేర్చుకుంటావు" అన్నాడు. ఆ మాట తర్వాత పదేళ్లలో ఎన్నిసార్లు విన్నానో. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత తెలిసింది, నన్ను అలా పిలిచేవాడు నేను ఉత్తుత్తి పందెం వేస్తానని చచ్చినా అనుకోడు. కాబట్టి నేను పెద్ద పందెం వేస్తే ముక్కలు పారేస్తాడు. ఆ స్వీట్‌హార్ట్‌ల ఖర్చుతో మా అమ్మాయి పియానో ఫీజు కొన్ని నెలలు కట్టాను.

లెక్కల మాస్టారూ, ఇప్పుడు మీ వంతు. ఎనిమిదో తరగతిలో మీరు నిష్పత్తి చెప్పింది కౌలు రైతుకూ ఆసామికీ ధాన్యం బస్తాలు పంచుతూ. పోకర్ బల్ల దగ్గర నేను చేసేది ఆ లెక్కే. కుప్పలో 100 డాలర్లున్నాయి. ఎదుటివాడు 50 వేశాడు. నేను 50 పెడితే 150 రావచ్చు, అంటే 3:1. నా చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద ఇంకో రెండు, తెరవాల్సింది ఒక్క ముక్క. నాకు కనబడనివి 46, అందులో ఆఠీన్లు 9. పోయే దారులు 37, వచ్చే దారులు 9, నాలుగింటికి ఒకటి కన్నా కొంచెం కనాకష్టం. మూడింతలిస్తామంటే నాలుగింతల ప్రమాదం ఎందుకు తీసుకోవాలి? పారేయాలి. ఆ తర్వాత ఆఠీనే తెరుచుకుంటుంది చూడండి, అప్పుడు కడుపులో తిప్పుతుంది. కానీ లెక్క తప్పు కాదు.

రోజువారీ ఆటకూ టోర్నమెంటుకూ తేడా ఉంది. రోజువారీ ఆటలో చిప్స్ అంటే డబ్బే. ఎప్పుడైనా లేచి మార్చుకుని ఇంటికెళ్లొచ్చు. టోర్నమెంటులో రుసుం కట్టి చిప్స్ తీసుకుంటాం, గంట గంటకూ కనీస పందెం పెరుగుతుంది, చిప్స్ అయిపోతే బయటికే. సుమారుగా వందలో పదిహేను మందికి డబ్బొస్తుంది. నాకు లేవడం కష్టం కాబట్టి మొదట్లో టోర్నమెంట్లే నయమనిపించాయి. వాళ్లే లేపేస్తారు కదా!

ఒక సరదా సంగతి. 2014లో నా బల్ల దగ్గరికి ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. ఆట నడుస్తుండగా ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని నియమం. డీలర్ అటు తిరిగినప్పుడు ఒకడు మెల్లగా, "ఆంటీ దగ్గర ఏం లేదురా, గట్టిగా కొడితే పోద్ది" అన్నాడు. నా దగ్గర మూడు తొమ్మిదులున్నాయి. ఆ క్షణంలో "బాబూ, మాది పశ్చిమ గోదావరి" అని చెప్పాల్సింది. చెప్పలేదు. గట్టిగా కొట్టాడు, నేను పెట్టాను, కుప్ప నాదైంది. చిప్స్ పేర్చుకుంటూ, "ఏ ఊరు నాన్నా మీది?" అన్నాను. వాడి మొహం నేనిప్పటికీ మర్చిపోలేదు. "సారీ అక్కా" అని లేచి వేరే బల్లకి మారిపోయాడు. ఆ రోజు నేను చేసింది పూర్తిగా సబబు కాదని నాకు తెలుసు.

ఇక లాస్ వేగాస్. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ 1970 నుంచీ జరుగుతోంది. అందులో పదివేల డాలర్ల మెయిన్ ఈవెంటు పెద్దది. ఆ చివరి బల్లకు చేరిన మొదటి మహిళ బార్బరా ఎన్‌రైట్, 1995లో, అయిదో స్థానం. మళ్లీ ఒక మహిళ అక్కడ కూర్చోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 2025లో స్పెయిన్‌కు చెందిన లియో మార్గెట్స్ ఏడో స్థానం. మన దేశం నుంచి నికితా లూథర్ 2018లో ట్యాగ్ టీమ్ పోటీలో గెలిచి బ్రేస్‌లెట్ తెచ్చుకుంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను వెళ్లింది 2023లో, ఆడవాళ్ల పోటీకి. దానికి ప్రవేశ రుసుం కాగితం మీద 10,000 డాలర్లు, ఆడవాళ్లకు తొంభై శాతం తగ్గించి 1,000. ఎందుకంటే అక్కడి చట్టం ప్రకారం మగవాళ్లు రాకూడదని అనడానికి లేదు. వెనకటికి కొందరు మగవాళ్లు పనిగట్టుకుని వచ్చి ఆడారు కూడా. వెయ్యి మందికి పైగా ఆడవాళ్లు ఒక్క హాల్లో చిప్స్ గలగలలాడిస్తుంటే ఆ చప్పుడు మన చెరువు గట్టు మీద వర్షం మొదలైనట్టుంది. నర్సులు, బడి టీచర్లు, నడవడానికి కర్ర పట్టుకున్న ముసలమ్మలు. ఎవరూ ఎవర్నీ స్వీట్‌హార్ట్ అనలేదు. పొద్దుటి నుంచి ఆడి, రాత్రయి, డబ్బొచ్చే వరుసకు ఇంకా ముప్పై నలభై మంది ఉన్నారనగా నాకు రెండు రాణులొచ్చాయి. టెక్సాస్ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ దగ్గర ఆఠీను ఆసు, రాజు. ఇద్దరం ఉన్నదంతా పెట్టేశాం. నూటికి 54 పాళ్లు నావి. ఆఖరి ముక్క రాజు. ఆవిడ లేచి నన్ను కౌగిలించుకుంది. బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను, తర్వాత వెళ్లి పెరుగన్నం దొరికే చోటు వెతుక్కున్నాను. దొరకలేదు.

ఇప్పుడు కార్యదర్శి గారు భయపడిన చోటికి వస్తాను.

2016 ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం కూర్చున్నాను. రాత్రి పదకొండయ్యేసరికి 1,900 డాలర్లు పోయాయి. నేను ఎప్పుడూ జేబులో పెట్టుకెళ్లేది 600. మిగతాది మెషీను దగ్గరికి మూడుసార్లు వెళ్లి తీసింది. ఫోన్ మోగింది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. "అమ్మా, ఎప్పుడొస్తావు?" అంది. ముక్కల మీంచి తల ఎత్తకుండా అన్నాను, "ఈ రౌండ్ అయ్యాక వస్తా తల్లీ" అని.

ఆ గొంతు నాది కాదు. రైస్ మిల్లు వెనకాల క్లబ్బుది. చేతిలో ఏ ముక్కలున్నాయో ఇప్పటికీ గుర్తుంది, ఆ ఆట ఎవరు గెలిచారో తెలియదు. లేచి వచ్చేశాను. చిప్స్ కొన్ని బల్ల మీదే మర్చిపోతే డీలర్ పిలిచి ఇచ్చాడు. ఎనిమిది నెలలు కార్డ్ రూము వైపు వెళ్లలేదు. మళ్లీ వెళ్లినప్పుడు బ్యాంకు కార్డు ఇంట్లో వదిలి, కవరులో 600 పెట్టుకుని, ఫోన్లో అయిదు గంటల అలారం పెట్టుకుని వెళ్లాను. అలారం మోగినప్పుడు గెలుస్తున్నా లేస్తాను. గెలుస్తున్నప్పుడు లేవడమే ఎక్కువ కష్టం, ఇది ఆడినవాళ్లకే తెలుస్తుంది.

ఒక నోటు పుస్తకం కూడా ఉంది. 2011 నుంచి 2023 దాకా రోజువారీ ఆట 2,640 గంటలు, మిగిలింది 21,300 డాలర్లు. టోర్నమెంట్లు 61, కట్టింది 19,400, వచ్చింది 11,250. అంటే వాటిలో 8,150 నష్టం. రోజువారీ ఆటలో గంటకు ఎనిమిది డాలర్లు పడింది. కాలిఫోర్నియాలో కనీస వేతనం దానికి రెట్టింపు. నేను గెలిచే ఆటగత్తెను అని చెప్పుకోవచ్చు, హోటల్లో గిన్నెలు కడిగితే ఇంకా ఎక్కువ వచ్చేది. పిల్లలూ, ఇది రాసుకోండి.

ఈ సభ గురించి తెలిసి మన బ్యాచ్‌మేట్ ఒకామె ఫోన్ చేసింది. "బడిలో పేకాట గురించి మాట్లాడొద్దే, మా తమ్ముడు ఫోన్లో రమ్మీ ఆడి పదహారు లక్షలు పోగొట్టాడు" అని ఏడ్చింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం మార్చి ఆన్‌లైన్ పందేలు నిషేధించారు. 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. అయినా ఆ అబ్బాయి అప్పులు అప్పులే. ఆమెతో నేనన్నది ఒక్కటే. మా నాన్నను పిలవడానికి ఒక గుమ్మం ఉండేది, సైకిలేసుకుని వెళ్లి నిలబడేదాన్ని. పక్క మంచం మీద దుప్పటి ముసుగేసుకుని ఆడేవాడిని పిలవడానికి ఏ గుమ్మానికి వెళ్లాలి? అందుకే మాట్లాడతానన్నాను. ఆ అబ్బాయి ఇవాళ వచ్చాడు. ఎక్కడ కూర్చున్నాడో చెప్పను. భోజనాలయ్యాక నేనూ అతనూ నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నాం. బ్యాంకు ఉద్యోగం చేసిన బ్యాచ్‌మేట్లు ఇద్దరు కూడా వస్తామన్నారు.

మా అమ్మకు ఎనభై నాలుగు. పోయిన వారమే చెప్పాను, ఇన్నేళ్లు దాచి. గారెలకు పప్పు రుబ్బిస్తోంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నిన్ను పిలవడానికి ఎవర్నయినా పంపాల్సి వచ్చిందా?" అంది.

"ఒక్కసారమ్మా."

"వచ్చావా?"

"వచ్చాను."

"ఆ గిన్నె ఇటివ్వు" అంది.